కాకినాడ, అమలాపురంలో విదేశీ స్టాఫుకి కంపెనీ ఇల్లు: మూడు రకాల సర్వీసులు, వాటి లోటుపాట్లు

కాకినాడలో బయటి దేశం నుంచి వచ్చే ఇంజినీరుకి నాలుగు నెలలకు ఇల్లు చూస్తున్నారా? అయితే రెండు టీడీఎస్‌ల సంగతి ముందే అడగండి. ఒకటి కుళాయి నీళ్లది, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క. రెండోది అద్దెది, అంటే అద్దె ఇచ్చేటప్పుడే అందులోంచి పట్టి ప్రభుత్వానికి కట్టే పన్ను. నీళ్ల టీడీఎస్ ఎంతంటే ఏజెన్సీ వాళ్లు వంటగదిలో ఆర్‌వో మిషను చూపిస్తారు. అద్దె టీడీఎస్ మాటెత్తితే "ఆయ్, అది మీ ఆడిటరు గారు చూసుకుంటారు కదండీ" అంటారు. నీళ్లు బాగోకపోతే గెస్టు మొదటి రోజే చెప్తాడు. అద్దె దగ్గర తప్పు జరిగితే ఏడాదిన్నర తర్వాత నోటీసు చెప్తుంది.

గాడిమొగ, ఓడలరేవు, ఎస్.యానాంలో ఉన్న చమురు, గ్యాసు టెర్మినళ్లకూ, వాకలపూడి వైపు నూనె ఫ్యాక్టరీలకూ, పోర్టు పనులకూ మిషన్లు బిగించి నడిపించి చూపడానికి బయటి మనుషులు వస్తూనే ఉంటారు. వాళ్ల కోసం ఇక్కడ దొరికే వసతి మూడు రకాలు. నెలవారీ రేటుకి హోటలు గది ఒకటి. బిల్డింగు మొత్తం ఒకరే నడిపే సర్వీస్ అపార్ట్‌మెంటు రెండోది. ఎవరిదో ఫ్లాటు వెతికి, సామాను వేసి, వంటమనిషిని పెట్టి నడిపే లోకల్ ఏజెన్సీ మూడోది. మార్కులు ముందే చెప్పేస్తే, హోటలుకి 5కి 3, సర్వీస్ అపార్ట్‌మెంటుకి 4. ఏజెన్సీకి 2 నుంచి 4 దాకా, అగ్రిమెంటు ఎలా రాశారన్నదాన్ని బట్టి.

హోటలు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మూడు వారాల లోపు మకాం అయితే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, గది తీసుకోండి. విదేశీయుల వివరాలు ప్రభుత్వ పోర్టల్లో ఎక్కించడం రిసెప్షన్‌కి రోజువారీ పనే. రోజు రేటు 7,500 లోపు గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. మూడు వారాలు దాటితే మనిషి విసిగిపోతాడు. బట్టలు ఉతకడానికి ఒక్కో జతకీ రేటు, వంట చేసుకునే వీలు లేదు, ముహూర్తాల రోజుల్లో కింద హాల్లో అర్ధరాత్రి దాకా డీజే. నైట్ షిఫ్టు చేసి పగలు పడుకునేవాడికి ఇది నరకం. బుక్ చేసేటప్పుడు ఫంక్షన్ హాలుకి దూరంగా, అవతలి వైపు ఉన్న గది రాయించుకోండి.

సముద్రంలో నాలుగు వారాలు, ఇంటికెళ్లి నాలుగు వారాలు అనే రొటేషను మీద వచ్చేవాళ్లకి కాకినాడలో ఫ్లాటు తీసుకోవడం దండగ. వాళ్లకి కావలసింది అటూ ఇటూ ఒకటి రెండు రాత్రులు. సముద్రంలోకి తీసుకెళ్లే హెలికాప్టరు రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం నుంచి ఎగిరితే ఆ రాత్రులు రాజమండ్రిలోనే పెట్టించండి. తెల్లవారుజామున కాకినాడ నుంచి కారులో తోలుకురావడం మనిషికీ డ్రైవరుకీ ఇద్దరికీ శిక్ష.

సర్వీస్ అపార్ట్‌మెంటుకి ఎక్కువ మార్కులు వేయడానికి కారణం సోఫాలు, టీవీలు అనుకునేరు. కరెంటు మీటరు కమర్షియల్ కేటగిరీలో ఉంటుంది, విదేశీయుల రిపోర్టింగుకి లాగిన్ ముందే ఉంటుంది, బిల్లు ఒకే చేతి నుంచి వస్తుంది. లోటల్లా సంఖ్యే. కాకినాడలో ఇలాంటివి తక్కువ, అమలాపురంలో ఇంకా తక్కువ. ఒకేసారి ఆరుగురు దిగుతున్నారంటే ఒక్కచోట దొరకవు. అప్పుడు ఏజెన్సీ గడప తొక్కక తప్పదు. అసలు కథ అక్కడే కాబట్టి మిగతాదంతా దాని గురించే.

ముందు ఆ ఫ్లాటు ఎవరిదో చూడండి. డెల్టా ఊళ్లలో అద్దెకొచ్చే మంచి ఫ్లాట్లలో చాలావాటి ఓనర్లు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. తాళాలు వాళ్ల నాన్నగారి దగ్గరో బావమరిది దగ్గరో ఉంటాయి. ఏజెన్సీ మాట్లాడేది ఆయనతోనే, అగ్రిమెంటు మీద సంతకం ఆయనదే, అద్దె వేయమనేది కూడా ఆయన ఖాతాలోనే. ఇన్‌కంటాక్సుకి ఆ తాళాలతో పని లేదు. దస్తావేజు ఎవరి పేరున ఉందో, ఆ మనిషి ఎక్కడుంటాడో అంతవరకే.

ఓనరు ఇక్కడే ఉండేవాడైతే నెల అద్దె 50,000 దాటినప్పుడే కంపెనీ 10 శాతం పట్టి కట్టాలి. ఎన్నారై అయితే ఆ పరిమితి లేదు. మొదటి రూపాయి నుంచీ 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, వెరసి 31.2 శాతం. నెలకు 40,000 అద్దె అంటే 12,480 ప్రభుత్వానికి, 27,520 ఓనరుకి. పట్టిన సొమ్ము మరుసటి నెల 7వ తేదీలోగా కట్టేయాలి. పట్టకుండా మొత్తం ఓనరుకి ఇచ్చేస్తే ఆ పన్ను, దాని మీద వడ్డీ అద్దెకున్న కంపెనీ నెత్తినే పడతాయి. నాన్నగారి ఖాతాలో వేశాం కదా అన్న మాట అక్కడ చెల్లదు.

ఈ లెక్క చెప్పగానే అటు నుంచి వచ్చే మాట ఒకటే: "మాకవన్నీ తెలీదండి, 40,000 చేతికి రావాలి." చేతికి 40,000 రావాలంటే కాగితం మీద అద్దె సుమారు 58,140 అవుతుంది. అంటే ఇల్లు ఒక్కసారిగా దాదాపు సగం ఖరీదు పెరిగినట్టు. ఓనరు ఏటా రిటర్ను వేస్తే ఎక్కువ పట్టింది వెనక్కి వస్తుంది. తక్కువ రేటుకి పట్టమని డిపార్టుమెంటు నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకునే దారీ ఉంది. నాలుగు నెలల అద్దె కోసం అంత తిరిగే ఓనర్లు అరుదు. కాబట్టి బేరం మొదట్లోనే "ఓనరు గారు ఎక్కడుంటారండీ?" అని అడగాలి, పాస్‌బుక్కు కాకుండా దస్తావేజు కాపీ, పాన్ వివరం తీసుకోవాలి. కంపెనీ ఉద్యోగి పేరున ఇల్లు తీసుకుని దీన్ని దాటేద్దామని సలహా ఇచ్చే బ్రోకర్లున్నారు. ఆ ఉద్యోగి బదిలీ అయిపోయాక అడ్వాన్సు కోసం ఎవరు ఎవర్ని అడగాలో తెలియని పరిస్థితి వస్తుంది.

ఇక్కడే ఏజెన్సీల్లో రెండు జాతులు తేలతాయి. ఒక జాతి ఇల్లు చూపించి, కమీషను తీసుకుని, ఓనరుకీ కంపెనీకీ నేరుగా అగ్రిమెంటు రాయిస్తుంది. పైన చెప్పిన పన్ను బరువంతా అప్పుడు కంపెనీదే. దానికి తోడు, జీఎస్టీ నంబరున్న కంపెనీ నివాసపు ఇల్లు నేరుగా అద్దెకు తీసుకుంటే 18 శాతం జీఎస్టీ రివర్స్ చార్జీ కింద తనే కట్టుకోవాలి. 2022 జూలై 18 నుంచి ఇదే నియమం. రెండో జాతి ఏజెన్సీ ఓనరు దగ్గర తన పేరున లీజు తీసుకుని, సామాను వేసి, సేవలతో కలిపి కంపెనీకి బిల్లు వేస్తుంది. ఓనరుకిచ్చే అద్దె మీద పన్ను పట్టడం అప్పుడు ఏజెన్సీ పని. కంపెనీకి మిగిలేది ఏజెన్సీ బిల్లు ఒక్కటే. రెండో జాతి నెలకు కొంచెం ఎక్కువ అడుగుతుంది. ఇవ్వండి. ఇంకొకరికి అద్దెకిచ్చుకోవచ్చని ఓనరు రాసిచ్చిన కాగితం మాత్రం చూసి ఇవ్వండి. అది లేకపోతే ఏదో ఒకరోజు బావమరిది గారు వచ్చి గెస్టుని "మీరెవరండీ?" అని అడుగుతారు.

ఇక సి-ఫారం. విదేశీయుడు ఇంట్లో దిగిన 24 గంటల్లో, ఇల్లు ఇచ్చినవాడు ఆన్‌లైనులో ఆ వివరాలు ఇవ్వాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి చట్టం మారింది, జనం నోట్లో పేరు మాత్రం ఇంకా సి-ఫారమే. ఇది హోటళ్లకే అనుకునేవాళ్లు చాలామంది. మామూలు ఇంటికీ వర్తిస్తుంది. చిక్కు ఎక్కడంటే, ఫారం ఎక్కించాలంటే ముందు ఆ ఇంటి పేరున లాగిన్ ఉండాలి, దాన్ని జిల్లా ఎస్పీ ఆఫీసు ఆమోదించాలి. గెస్టు దిగాక మొదలుపెడితే 24 గంటలు లాగిన్ దగ్గరే అయిపోతాయి. "సి-ఫారం అయిందా?" అంటే "అయిపోద్దండి, చేయించేద్దామండి" అని జవాబొస్తే ఇంకా మొదలవలేదని అర్థం. లాగిన్ ఆమోదమైన స్క్రీను చూపించమనండి, టికెట్లు ఆ తర్వాతే బుక్ చేయండి. గెస్టుని ఒక ఫ్లాటు నుంచి పక్క వీధి ఫ్లాటుకి మార్చినా మళ్లీ ఫారం వేయాలి. వీసా 180 రోజులకు మించిందైతే వచ్చిన 14 రోజుల్లో రిజిస్ట్రేషను కూడా ఉంటుంది. దానికి ఈ ఫారం కాపీ, ఇంటి అగ్రిమెంటు అడుగుతారు. రెండిట్లో ఇంటి నంబరు ఒకేలా ఉండాలి. పాత డోరు నంబరు ఒకచోట, కొత్తది ఇంకోచోట ఉండటం ఇక్కడ మామూలే, దరఖాస్తు వెనక్కొచ్చేది దాని వల్లే.

కాగితాలు సరిపోయాక ఇల్లు. చూడటానికి వెళ్లేటప్పుడు జేబులో వేసుకోవలసినవి రెండు: నీళ్ల టీడీఎస్ కొలిచే పెన్ను, టేపు.

బాత్రూములో షవరు తల చూడండి. రంధ్రాల చుట్టూ తెల్లగా సున్నం కట్టి, నీళ్లు నాలుగు దిక్కులా చిమ్ముతుంటే ఆ బిల్డింగుది బోరు నీరు. సముద్రం దగ్గర బోర్లలో ఉప్పు, కాఠిన్యం రెండూ ఉంటాయి. పెన్ను ముంచితే తాగునీటి ప్రమాణంలో చెప్పిన లీటరుకు 500 మిల్లీగ్రాములు ఎక్కడ, ఇది ఎక్కడ అన్నది తేలిపోతుంది. వేరే నీరు దొరకనప్పుడు ఒప్పుకునే గరిష్ఠం 2,000. ఆర్‌వో తాగే నీటికి సరిపోతుంది, స్నానానికి సరిపోదు. సబ్బు నురగ రాదు, జుట్టు పీచులా అవుతుంది, గీజరు కాయిలు సున్నం పట్టి మాడిపోతుంది, వాషింగ్ మిషను నీళ్ల పైపు చివర జల్లెడ మూసుకుపోతుంది. మునిసిపల్ కనెక్షనున్న బిల్డింగే తీసుకోండి. అది గోదావరి కాలువ నీరు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు సరఫరా తగ్గుతుంది, అప్పుడు వాచ్‌మను చడీచప్పుడు లేకుండా బోరు కలిపేస్తాడు. ఏప్రిల్, మే నెలల్లో గెస్టులుంటే ట్యాంకరు ఎవరు తెప్పించాలో, డబ్బెవరిదో అగ్రిమెంటులో రాయండి.

టేపు మంచానికి. మన పరుపులు 72, 75, 78 అంగుళాల పొడవుల్లో వస్తాయి. ఏజెన్సీ వేసేది ఎక్కువగా 72 లేక 75. ఆరడుగుల మూడంగుళాల మనిషి అంటేనే 75 అంగుళాలు. 78 అని బిల్లులో రాయించకపోతే గెస్టు మొదటి వారమంతా ఐమూలగా పడుకుంటాడు.

కరెంటు దగ్గర "బ్యాకప్ ఉందండి" అన్న మాటని నమ్మకండి, దేనికి ఉందో అడగండి. చాలా అపార్ట్‌మెంట్లలో జనరేటరు లిఫ్టుకీ, మెట్ల లైట్లకీ, నీళ్ల మోటారుకీ అంతే. ఫ్లాటు లోపల ఇన్వర్టరు 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటైతే రెండు మూడు ఫ్యాన్లు, లైట్లు, వైఫై నాలుగైదు గంటలు లాగుతుంది. ఏసీని లాగదు. ఇంకో తిరకాసు మంజూరైన లోడు, అంటే ఆ మీటరు మీద ఒకేసారి ఎంత కరెంటు వాడుకోవచ్చన్నది. ఒకటిన్నర టన్నుల ఏసీ దాదాపు ఒకటిన్నర కిలోవాట్లు తీసుకుంటుంది. మూడు పడక గదుల్లో మూడు ఏసీలు, ఒక గీజరు కలిస్తే ఆరున్నర దాటుతుంది. కరెంటు బిల్లు మీద లోడు 3 కిలోవాట్లని ఉంటే, ముగ్గురు గెస్టులు సాయంత్రం డ్యూటీ దిగి రాగానే మెయిన్ పడిపోతుంది. రాత్రి పదింటికి ఎలక్ట్రీషియన్ కోసం వెతకడం కన్నా, పాత బిల్లు ఒకటి అడిగి లోడు గడి చూడటం తేలిక. అదే బిల్లు మీద కేటగిరీ కూడా చూడండి. గృహ మీటరు మీద గెస్ట్‌హౌసు నడుపుతున్నారని తేలితే వెనకటి నెలలకీ కలిపి కమర్షియల్ రేటు వేస్తారు, ఆ బిల్లు ఎవరిదన్న తగాదా చివరికి అడ్వాన్సు మీదకి వస్తుంది. వంటగదిలో 14.2 కిలోల ఎర్ర సిలిండరు పెట్టి మెస్సు నడిపే ఏజెన్సీలది కూడా ఇదే కథ. అక్కడ ఉండాల్సింది 19 కిలోలది.

ఉప్పు గాలికి ఏసీ బయటి యూనిట్లు తొందరగా తుప్పు పడతాయి. కాయిలు తూట్లు పడి గ్యాసు పోతుంది, గది చల్లబడదు, మెకానిక్ వచ్చి గ్యాసు నింపి పోతాడు, నెల తిరక్కుండా మళ్లీ అదే. బాల్కనీలోకి వెళ్లి యూనిట్ వెనక రేకు చేత్తో తడిమితే పొడి రాలిందంటే ఆ ఏసీ మార్చమనండి. మూడు నెలలకోసారి సర్వీసు ఏజెన్సీ ఖర్చుగానే ఉండాలి.

అమలాపురం చుట్టుపక్కల ఇంకో సంగతి. నేల కింద నీరు పైపైనే ఉంటుంది, మరుగుదొడ్లు సెప్టిక్ ట్యాంకుల మీద నడుస్తాయి. వానాకాలంలో ట్యాంకు నిండి, ఫ్లష్ నొక్కితే నీరు నెమ్మదిగా దిగుతుంది. టాయిలెట్ పేపరు వాడే గెస్టు ఉంటే ఆ నెమ్మది కాస్తా ఆగిపోవడమే. చేరే ముందే ట్యాంకు ఖాళీ చేయించండి, మూతపెట్టిన బుట్ట పెట్టి గెస్టుకి విషయం మర్యాదగా చెప్పండి. కొబ్బరితోటలో విడిగా ఉన్న ఇల్లు ఫొటోల్లో అద్భుతంగా ఉంటుంది. కిటికీలకి మెష్, గడప కింద సందు మూసే రబ్బరు పట్టీ లేకుండా తీసుకోకండి. సాయంత్రం ఆరింటికి దోమలు, చీకటి పడ్డాక ఇంకేవో వస్తాయి.

ఇల్లు ఏ వైపు అన్నది పనిచోటుని బట్టి. గాడిమొగ వెళ్లేవాళ్లు యానాం రోడ్డు పట్టి తాళ్లరేవు మీదుగా పోవాలి. వాళ్లని సర్పవరంలో పెడితే రోజూ రెండుసార్లు కాకినాడ ఊరంతా దాటాలి. జగన్నాథపురం వైపు ఇల్లు కొంచెం పాతదైనా నయం. వాకలపూడి పనులకైతే సర్పవరం, రమణయ్యపేట వైపే మేలు. ఓడలరేవు వాళ్లకి అమలాపురమే. కాకినాడలో షాపింగు బాగుంటుందని అక్కడ పెట్టి రోజూ తిప్పితే వారానికే కారులో నడుములు పోతాయి.

యానాం ఫ్లాట్లు బాగానే ఉంటాయి, గెస్టులకీ ఆ ఊరు నచ్చుతుంది, కారణం అక్కడి మందు షాపులు. అది పుదుచ్చేరి కిందకు వస్తుందని మాత్రం మర్చిపోకండి. విదేశీయుల రిపోర్టింగు అక్కడి పోలీసులకి. అక్కడి బిల్లు మీద పడే జీఎస్టీని ఆంధ్రాలో మాత్రమే రిజిస్ట్రేషనున్న కంపెనీ క్రెడిట్‌గా తీసుకోలేదు. గెస్టు అక్కడ కొన్న సీసాలు కారులో వేసుకుని ఆంధ్రాలోకి రాకూడదని కూడా మొదటి రోజే చెప్పడం మంచిది.

వంట సంగతి. గోదావరి వంటమనిషికి కారం తగ్గించమంటే ఒక చెంచా తగ్గిస్తారు. విదేశీ గెస్టుకి అది ఇంకా నాలుగు చెంచాలు ఎక్కువ. తగ్గించమని చెప్పడం వృథా. కూర కారం లేకుండా దించి, పచ్చిమిర్చి, కారప్పొడి వేరే గిన్నెలో పెట్టమనాలి. ఉడికించిన గుడ్లు, వేయించిన చేప, కూరగాయలు, అన్నం అని వారం మెనూ తెలుగులో రాసి వంటింటి తలుపుకి అంటించండి. వంటమనిషి జీతం ఒక లైను, సరుకులు ఇంకో లైను, చీటీలతో. రెండూ కలిపి "భోజనం, రోజుకింత" అని వేసే ఏజెన్సీ దగ్గర చేప ముక్క రోజురోజుకీ చిన్నదవుతుంది. ఆగస్టులో పులస తెస్తామంటే రేటు ముందే అడగండి, అది నెల బిల్లుని మింగేయగలదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను రోజులు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ సీజనులో గెస్టులున్న ఇంటి అగ్రిమెంటులో మూడు మాటలు ఉండాలి. హెచ్చరిక వచ్చినప్పుడు రాజమండ్రిలో గదులు ఎవరు పట్టాలి, ఆ రోజులకి ఇక్కడి అద్దె నడుస్తుందా, జనరేటరుకి డీజిలు ఎన్ని లీటర్లు ఉంచాలి. 25 కేవీఏ జనరేటరు సగం లోడు మీద గంటకు మూడు నాలుగు లీటర్లు తాగుతుంది. రోజుకి ఎంతవుతుందో లెక్కేసి డ్రమ్ములో ఉన్నది చూడండి. బంకుల దగ్గర క్యూ కట్టాక డీజిలు దొరకదు.

కాలపరిమితి మామూలుగా 11 నెలలు రాస్తారు. పని ముందే అయిపోతే నెల నోటీసుతో ఖాళీ చేయవచ్చన్న వాక్యం మీరే అడిగి వేయించుకోవాలి, ఏజెన్సీ ముసాయిదాలో అది తరచూ ఉండదు. చేరిన రోజే మీటరు రీడింగు, గోడలు, పరుపులు, ఏసీలు ఫోనులో వీడియో తీసి ఏజెన్సీ వాట్సాప్‌కి పంపండి. వెళ్లేటప్పుడు అడ్వాన్సులోంచి రంగులకి ఒక నెల అద్దె కోసుకుంటామంటారు. నాలుగు నెలలున్న ఇంటికి ఆ మాట ఒప్పుకోవద్దు, ఆ వీడియో చూపించి గీతలున్న గోడకి మాత్రమే లెక్క కట్టమనండి. ఈ ఊళ్లలో గోడలకి చెమ్మ పొంగు ఎలాగూ ఉంటుంది, అది గెస్టు పని కాదని ఓనరు గారికీ తెలుసు.